ఆ గోధుమరంగు వయసుది కాదు

రాజా దీన్‌దయాళ్ 1880లలో తీసిన చార్మినార్, గోల్కొండ ఫొటోలు చూసి ఓ పాఠకురాలు అడిగారు: "ఇవి మొదట్లో నలుపు తెలుపులో ఉండి, కాలం గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరిగాయా?" చాలామంది అలాగే అనుకుంటారు. నిజానికి ఆ కాలపు ఫొటోలు అచ్చయిన రోజే గోధుమరంగులో ఉండేవి. ఎందుకన్నది మహా ఆసక్తికరమైన కథ.

ముందు పాఠం రెండు ముక్కల్లో. వెండి లవణాల మీద వెలుగు పడితే అవి విడిపోయి లోహపు వెండి మిగులుతుంది. మిగిలిన లవణాన్ని హైపో అనే రసాయనంతో కడిగేస్తే బొమ్మ నిలుస్తుంది. అంతే.

మరి కాగితం మీద ఉన్నది వెండే అయితే తళతళలాడాలి కదా! ఒక ఫొటోలో నల్లగా, ఇంకోదాంట్లో గోధుమరంగులో ఎందుకుంది? రెండిట్లోనూ అదే లోహం. తేడా అంతా రేణువు సైజులో, ఆకారంలో ఉంది.

మన తాతల పెళ్లిఫొటోల్లాంటి నలుపు తెలుపు ఫొటోల్లో బొమ్మను బయటికి తెచ్చేది డెవలపర్ అనే రసాయనం. అప్పుడు వెండి సన్నటి పోగులుగా పెరిగి, అంట్లు తోమే స్టీలు పీచులా చిక్కుపడుతుంది. ఆ చిక్కులో దూరిన కాంతి ఏ రంగుదైనా బయటపడలేదు. అందుకే నలుపు.

1850లో ఫ్రాన్స్‌లో బ్లాంకార్-ఎవ్రార్ ప్రవేశపెట్టిన అల్బుమిన్ కాగితం దారి వేరు. ఉప్పు కలిపిన కోడిగుడ్డు తెల్లసొనను కాగితానికి పూసి, సిల్వర్ నైట్రేట్‌తో తడిపి, ఆరబెట్టి, నెగటివ్ కింద ఎండలో పెట్టేవారు. (1888లో డ్రెస్డెన్‌లోని ఒక్క కంపెనీ కాగితానికే 60 లక్షలకు పైగా గుడ్లు పట్టాయి!) డెవలపర్‌తో పని లేదు, బొమ్మ కళ్లముందే ముదిరేది. ఇలా పుట్టిన వెండి పోగులు కట్టదు. నానోమీటర్లలో కొలిచేంత చిన్న గుండ్రటి రేణువులుగా ఉండిపోతుంది.

లోహంలో ఎలక్ట్రాన్లు స్వేచ్ఛగా తిరుగుతాయి. అంత చిన్న రేణువులో తిరగడానికి చోటేది? కాంతి తరంగం తగలగానే అన్నీ కలిసి ఒక్కుమ్మడిగా ఇటూ అటూ ఊగుతాయి. వెండి రేణువుల్లో ఈ ఊపు ఊదా, నీలం కాంతితో జత కుదురుతుంది. ఆ రంగుల్ని రేణువు మింగేస్తుంది. పసుపు, ఎరుపు మన కంటికి చేరతాయి. అదే ఆ గోధుమరంగు! రేణువు పెరిగినా, పక్కదానికి దగ్గరగా జరిగినా రంగు మారిపోతుంది.

ఇక్కడే ఒక మహానుభావుడు పప్పులో కాలేశాడు. 1889లో ఫిలడెల్ఫియాకు చెందిన మాథ్యూ కేరీ లీ బంగారు వన్నె వెండి, ఎర్ర వెండి, నీలి వెండి తయారుచేసి, గ్రాఫైట్, వజ్రం రెండూ కార్బనే అయినట్టు ఇవి వెండికి రూపాంతరాలని ప్రకటించాడు. కాదు, అది మామూలు వెండే, అతి సన్నటి రేణువులుగా. సన్నటి బంగారం ఎర్రగా కనిపిస్తుందని ఫారడే 1857లోనే చూపించాడు. దానికి లెక్క కట్టింది 1908లో గుస్టావ్ మీ అనే జర్మన్ భౌతికశాస్త్రవేత్త. కేరీ లీ సిద్ధాంతం పోయింది కానీ, ఆయన తయారీ పద్ధతిని ఆ తర్వాతి తరాల శాస్త్రజ్ఞులు కూడా వాడుకున్నారు.

వయసు చేసే పని వేరు: తెల్లసొన పసుపెక్కుతుంది, బొమ్మ పలచబడుతుంది.

సెపియా టోనింగ్‌తో వచ్చేది మరో గోధుమరంగు. నల్లటి ఫొటోను పొటాషియం ఫెర్రిసయనైడ్, బ్రోమైడ్ ద్రావణంలో వెలవెలబోనిచ్చి, సోడియం సల్ఫైడ్‌లో ముంచితే వెండి కాస్తా సిల్వర్ సల్ఫైడ్ అవుతుంది. గదంతా కుళ్లిన గుడ్ల కంపు! పూజగదిలో వెండి కుందుల్ని నల్లబరిచేదీ ఈ సిల్వర్ సల్ఫైడే. అక్కడ తోమి పారేసేదాన్ని ఇక్కడ కోరి తెచ్చుకుంటారు, ఎందుకంటే అప్పటికే గంధకంతో కలిసిన వెండిని గాలిలోని గంధకం ఇంకేమీ చేయలేదు.

ఫోన్‌లోని సెపియా బటన్‌కు ఇవేవీ పట్టవు. పిక్సెల్ అంకెల్ని కొన్ని గుణకాలతో గుణించి, నిన్న తీసిన పొలానికి పాతదనం అంటగడుతుంది. అసలు ఆనాటి కెమెరాల్లో వాడిన గాజు ప్లేట్లు చాలావరకు నీలం వైపు కాంతినే పట్టేవి. ప్లేటుకు రంగు కలిపితే ఆకుపచ్చనూ పట్టించవచ్చని 1873లో హెర్మన్ వోగెల్ కనిపెట్టినా, అది వాడుకలోకి రావడానికి ఏళ్లు పట్టింది. అందుకే పాత పల్లె ఫొటోల్లో ఆకాశం తెల్లగా తేలిపోతుంది, ఎర్రమట్టి దాదాపు నల్లబడుతుంది. బటన్ నొక్కితే అది వస్తుందా?

ఉపయోగం ఏమిటని అడిగేవారికి ఒక్కమాట. ఇంట్లో ఇలాంటి ఫొటో ఉంటే బ్లాక్ అండ్ వైట్‌లో కాక కలర్‌లో స్కాన్ చేయించండి. రంగు పోతే, ఆ బొమ్మ ఎండలో అచ్చయిందా, డెవలపర్‌లో పుట్టిందా అని చెప్పే ఆధారమే పోతుంది.