పాత పాటపెట్టెకు క్రొత్త ప్రాణము

పాటపెట్టె సరిగా పలుకనిచో పెద్ద స్పీకరు కొనవలెనని తోచుట లోకసహజము. మేమును అట్లే పొరపడితిమి.

మన సంఘమున పెద్దలు కూడబెట్టిన గ్రామఫోను రికార్డులు కలవు. ఇంట తెలుగును, వీధిలో తమిళమును మాటాడు మన పిల్లలకు పద్యము చదువు తీరు నేర్పుటకు ఆ రికార్డులే గురువులు. కొంతకాలముగా వానినుండి పాటకన్న గరగర శబ్దమే హెచ్చుగా వినవచ్చుచుండెను. నా సలహాపై సంఘమువారు క్రొత్త స్పీకర్లు కొనిరి. గరగర మఱింత పెద్దదయ్యెను! పిమ్మట రేడియో మరమ్మతు తెలిసిన పెద్దమనిషి యొకరు వచ్చి, స్పీకరును చూడక భూతద్దముతో సూదిని పరీక్షించిరి. చెఱువునీరే బురదయైనచో తూము మార్చిన ఫలమేమి? కావున సంస్కరణము మొదటినుండి ప్రారంభింపవలెను.

మొదటిది సూది. 78 చుట్ల లక్క రికార్డు గాడి వెడల్పైనది. దానికి సుమారు 70 మైక్రానుల కొనవ్యాసార్ధము గల సూది తగును. 1948లో వెలువడిన ఎల్.పి. రికార్డు గాడి సన్ననిది. దానికి 25 మైక్రానులు మించరాదు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. మేము రెంటికిని ఎల్.పి. సూదినే వాడితిమి. అది వెడల్పు గాడి అడుగున దిగి దుమ్మును దేవుచుండెను. లక్క రికార్డులలో కలిపిన రాతిపొడి సూదిని అరగదీసెను; అరిగిన సూది ఎల్.పి. గాడులను గీకివైచెను.

రెండవది బరువు. నేటి ఎల్.పి. సూదులు పెక్కింటికి 1.5 మొదలు 2 గ్రాముల బరువు చాలును. ఎక్కువైనచో గాడి అరుగును. తక్కువైనచో సూది ఎగిరిపడి గాడిని గాయపఱచును. తయారుచేసినవారు చెప్పిన బరువును చిన్న త్రాసుతో సరిచూడవలెను.

మూడవది ఆంప్లిఫయరు. సూదినుండి వచ్చు విద్యుత్తు సుమారు 5 మిల్లీవోల్టులు మాత్రమే. అంత స్వల్పమైన దానిని పెంచునపుడు చిన్న దోషమును పెరుగును. పాత యంత్రములలోని కండెన్సర్లయందలి ద్రవము కాలక్రమమున ఎండిపోవును. అప్పుడు పాట వెనుక ఎడతెగని హుంకారము వినబడును. అంతే సామర్థ్యము గలిగి, వోల్టేజి తగ్గని క్రొత్తవానిని ధన ఋణ ధ్రువములు తప్పక అమర్చినచో ఆ మ్రోత అణగును. అయితే పిల్లలు దీనిని తాకరాదు. వాల్వుల యంత్రమున తీగ ఊడదీసిన తరువాతను కండెన్సరులో వందల వోల్టులు నిలిచియుండవచ్చును, అది ప్రాణాంతకము.

ఇవి చక్కబడిన పిమ్మటనే స్పీకరు మాట. దానిని గోడకు కొంత ఎడముగా నుంచి చూచుటకు కాసు ఖర్చు లేదు. వెలగల తీగలకు ధనము వెచ్చించుట అన్నిటికన్న కడపటిది.

రెండు సూదులు మార్చిన నాడు లక్క రికార్డులలోని పద్యములు చాలవఱకు తేటగా వినబడినవి. కాని నాలుగు ఎల్.పి. రికార్డులు మాత్రము మరల బాగుపడలేదు. సూది కొనవచ్చును, కండెన్సరు కొనవచ్చును. అరిగిన గాడిలోని కంఠము ఏ అంగడిలోను దొరకదు. కావున మిగిలినవానిని కంప్యూటరులోనికి ప్రతులు తీయించుచున్నాము. ఈ పనికి తోడ్పడ దలచిన విద్యార్థులు మొదట రికార్డును అంచు పట్టుకొని ఎత్తుట నేర్చుకొని రావలెను.