యూకే సదువుకు పోయినోళ్లు గుడ్డు బాల్ ఆట ఎందుకు ఆడొద్దు?

సెప్టెంబర్ల ఇంగ్లండ్ యూనివర్సిటీలకు పోయిన మన పోరగాళ్లు మొదటి వారం ఏం జేస్తరు? రూం జూసుకుంటరు, సిమ్ కార్డు తీస్కుంటరు, పార్ట్ టైం జాబు ఏడ దొరుకుతదని సీనియర్ల ఎంబడి తిరుగుతరు. సరిగ్గ అదే వారం క్యాంపస్‌ల ఒక జాతర నడుస్తది. ఫ్రెషర్స్ ఫెయిర్ అంటరు. చెస్ కాడినుంచి పడవ పందాల దాకా క్లబ్బులన్నీ టేబుళ్లేసుకొని కూసుంటయి. మనోళ్లు ఫ్రీ పిజ్జా తిని, రెండు పెన్నులు జేబుల పెట్టుకొని బయటపడతరు. నేను గూడ గంతే జేసేటోణ్ని. కానీ ఒక టేబుల్ కాడ హెల్మెట్ చేతుల పట్టుకున్న ఒక తెల్ల పోరడు నన్ను ఆపి, "ఎప్పుడన్న ఆడినవా?" అని అడిగిండు. లేదన్న. "ఏం గాదు, మాల సగం మంది ఆడకుండనే వచ్చినోళ్లే" అన్నడు. అది అమెరికన్ ఫుట్‌బాల్ క్లబ్బు.

ఈడ ఒక సంగతి సమజ్ చేసుకోవాలె. అమెరికాల యూనివర్సిటీ ఫుట్‌బాల్ వేరు. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంల లక్ష మందికి పైన కూసుంటరు. ఆ టీముల ఆడేటోళ్లను స్కూల్ల ఉన్నప్పుడే ఏరుకుంటరు, స్కాలర్‌షిప్పులు ఇస్తరు. మాస్టర్స్‌కు పోయిన మనోడు పోయి నేనాడుత అంటే నడిచే ముచ్చట గాదు. ఆడ మనకు తెరిచి ఉండేది క్యాంపస్ లోపల ఆడుకునే ఫ్లాగ్ ఫుట్‌బాల్. నడుముకు రిబ్బన్లు కట్టుకుంటరు, గుద్దుకునుడు ఉండది, రిబ్బన్ గుంజితే ఆట ఆగినట్టు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌ల పెట్టిన ఆట గదే.

బ్రిటన్ల కథ వేరే. ఆడ స్కూల్ పిల్లలు సాకర్, రగ్బీ, క్రికెట్ ఆడుతరు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆడినోళ్లు తక్కువ. గందుకే యూనివర్సిటీ క్లబ్బులు కొత్తోళ్ల మీదనే బతుకుతయి. వాళ్లను రూకీలంటరు. లీగు నడిపేది బీయూసీఎస్ అనే యూనివర్సిటీల ఆటల సంస్థ. బర్మింగ్‌హామ్ లయన్స్, డర్హమ్ సెయింట్స్ లాంటివి పెద్ద టీములు. కింది డివిజన్లల్ల మాత్రం పదకొండు మందిని కూడగొట్టుడే కష్టమయ్యే టీములు ఉంటయి. మాది గసొంటిదే.

ఇగ ఆట. కబడ్డీ తెల్సినోనికి ఇది తొందరగ ఎక్కుతది. దిక్కుకు పదకొండు మంది. బాల్ ఉన్న టీముకు నాలుగు అవకాశాలు, ఆ నాలుగిట్ల పది గజాలు ముందుకు పోవాలె. పోతే మళ్ల నాలుగు. పోకపోతే బాల్ అవతలోళ్లకు. బాల్‌ను చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. కాలుతో కొట్టి కర్రల నడుమ నుంచి పంపిస్తే మూడు. ఒక్కో అవకాశం ఐదారు సెకన్లల్ల అయిపోతది. తర్వాత మళ్ల గుమిగూడి ఎట్ల ఆడాల్నో మాట్లాడుకుంటరు. అవతలోడు కూతకు వచ్చేటప్పుడు ఎవడు కార్నర్, ఎవడు కవర్ అని మనం ఎట్ల అనుకుంటమో గట్లనే. కానీ ఈడ ఆ ప్లాన్లు ఒక పుస్తకమంత ఉంటయి. మొదటి నెల నాకు దెబ్బల కంటే ఆ పుస్తకంతోనే ఎక్కువ తిప్పలైంది.

నాకు ఈ ఆటల నచ్చిన ముచ్చట ఒకటున్నది. ఊర్ల క్రికెట్ ఆడేటప్పుడు లావుగున్న పోరణ్ని అంపైర్‌గ నిలబెడ్తం, లేకపోతే బాల్ తెమ్మని తుమ్మచెట్లలకు పంపుతం. ఈడ గా పోరణ్నే ముందుగల్ల అడుగుతరు. క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే లైన్ల ఐదుగురుంటరు, వాళ్లు బరువుండాలె. సన్నగుండి ఉరికేటోడు బాల్ పట్టనీకి, లేకపోతే పట్టేటోణ్ని ఆపనీకి పనికొస్తడు. ఏ ఒళ్లుకైనా ఒక జాగ ఉంటది. కొన్ని క్లబ్బులల్ల ఆడపిల్లలకు ఫ్లాగ్ టీములు గూడ ఉన్నయి.

నన్ను డిఫెన్స్‌ల పెట్టిండ్రు. కబడ్డీ ఆడిన పొగరుతోటి మొదటి రోజే ఒకని మడిమె మీదికి తల వంచి దుంకిన. కోచ్ ఆట ఆపి నన్ను పక్కకు తీస్కపోయిండు. కాలు పట్టుడు తప్పు గాదంట, తల వంచుడు తప్పంట. హెల్మెట్ ఉంటే తల భద్రం అనుకుంటం. హెల్మెట్ పుర్రె పగలకుండ ఆపుతది గని, లోపల మెదడు ఊగకుండ ఆపలేదు. తల వంచి గుద్దితే మెడకు గూడ ప్రమాదం. తల పైకి, కండ్లు ముందుకు, భుజంతోటి గుద్దు, చేతులతోటి చుట్టు. మూడు వారాలు గిదొక్కటే నేర్పిండ్రు.

ఈ ఆటకు మెదడు దెబ్బల చరిత్ర పెద్దగనే ఉన్నది. పిట్స్‌బర్గ్ ఆటగాడు మైక్ వెబ్‌స్టర్ సచ్చిపోయినంక, నైజీరియా నుంచి వచ్చిన డాక్టర్ బెన్నెట్ ఒమాలు ఆయన మెదడును పరీక్ష జేసి 2005ల ఆ సంగతి బయటపెట్టిండు. ఏండ్ల తరబడి తగిలిన దెబ్బలకు మెదడు పాడైతదని అప్పటిసంది లోకానికి గట్టిగ తెల్సింది. ఒక్క సీజన్ ఆడినోనికి గంత భయం లేకపోవచ్చు. కానీ ఒక్క దెబ్బ గూడ సదువును ఆగం జేయగలదు. నాకు నవంబర్ల ప్రాక్టీసుల ఒక దెబ్బ తగిలి, కండ్ల ముందట తెల్లగైంది. నేను బాగనే ఉన్న అంటనే ఉన్న. కెప్టెన్ మాట్లాడకుండ నా హెల్మెట్ తీస్కపోయి దాసిపెట్టిండు. ఆడోళ్ల పద్ధతి గది, హెల్మెట్ లేకపోతే మళ్ల దిగలేవు గదా. బ్రిటన్ల 2023ల వచ్చిన నిబంధనల ప్రకారం మెదడుకు దెబ్బ తగిలిందని అనుమానమున్నా ఆట ఆపాలె, కనీసం 21 రోజులు మ్యాచ్ ఆడొద్దు.

మ్యాచ్ ఆడలేదు గని, నేను తెల్లారి రాత్రే వేర్‌హౌస్ షిఫ్టుకు పోయిన. ఇంట్ల లోను, అందుల వడ్డీ, ఎట్ల ఆగుత? ఆ లైట్ల కింద డబ్బాలు మోసుకుంట వాంతి జేసుకున్న. ఇంకో వారం క్లాసుల బోర్డు మీద జూస్తే తలనొప్పి. దెబ్బకంటే ఎక్కువ నష్టం జేసింది ఆ షిఫ్టే. ఇంటికి ఫోన్ జేస్తే అమ్మ "గొంతు గట్లున్నదేంది బిడ్డా" అన్నది. సలికి అని అబద్ధం జెప్పిన.

పైసల లెక్క గూడ జెప్పాలె. క్లబ్బు ఫీజు ఒక్కో తాన ఒక్కో తీరు ఉంటది, నాకైతే రెండు వారాల తిండి ఖర్చు కన్న ఎక్కువనే పోయింది. హెల్మెట్, ప్యాడ్లు శానా క్లబ్బులు తమవే ఇస్తయి. బూట్లు, పండ్లకు పెట్టుకునే గార్డు మనమే కొనుక్కోవాలె. గార్డు కాడ పైసలు మిగిలిచ్చుకోకుండ్రి. మొదటి ట్రయల్ ప్రాక్టీసులు ఉత్తగనే ఉంటయి, ఫీజు కట్టేముందు అవి చూసుకోవాలె. అసలు ఖర్చు టైం. మిగిలిన ఆటల మ్యాచ్‌లు బుధవారం ఉంటే దీనివి ఆదివారం. బయటి ఊరికి పోతే పొద్దుగాల బస్సెక్కితే రాత్రికి వస్తరు. డిగ్రీ, మాస్టర్స్ స్టూడెంట్ వీసా మీద టర్మ్‌ల వారానికి 20 గంటలే పని జేయనిస్తరు. అందుల ఆదివారం షిఫ్టు పోతే ఆ లోటు ఎట్ల పూడుస్తరో ముందే అనుకోవాలె. ఇంకోటి: ఆ వీసా మీద సరదాకు ఆడొచ్చు గని, పైసలు తీస్కొని ప్రొఫెషనల్ ఆటగాడిగనో కోచ్‌గనో పనిజేయొద్దు. చిన్న పిల్లలకు నేర్పితే పైసలిస్తమని ఎవలన్న అన్నా ఒప్పుకోవద్దు, వీసాకే ఎసరు వస్తది.

గిన్ని తిప్పలుంటే ఎందుకు ఆడాలె అంటరు. మా రూంల ఐదుగురం, ఐదుగురం తెలుగోళ్లమే. క్లాసుల మనోళ్ల పక్కనే కూసుంటం, వేర్‌హౌస్‌ల మనోళ్లతోటే మాట్లాడుతం. ఏడాది సదువు అయిపోయి వాపస్ వచ్చే దాకా ఆ దేశపోనితోటి పది నిమిషాలు మాట్లాడని పోరగాళ్లను నేను జూసిన. ఇంటర్వ్యూల నోరు లేవకపోతే ఇంగ్లీషు రాదు అనుకుంటరు. రాక గాదు, వాళ్ల యాస చెవికి అలవాటు గాక. నాకు ఆ యాస అలవాటైంది ఆదివారం బస్సుల. మ్యాచ్‌లు దాదాపు అన్నీ ఓడిపోయినం, అది వేరే ముచ్చట.

పెద్ద కలలు కంటరేమో అని ఒక మాట. ఎఫే ఒబాడా అని లండన్ల పెరిగిన నైజీరియా పోరడు, వేర్‌హౌస్‌ల పని జేసుకుంట లండన్ వారియర్స్ అనే ఊరి క్లబ్బుల ఐదే మ్యాచ్‌లు ఆడి, 2015ల అమెరికా డాలస్ కౌబాయ్స్ దాకా పోయిండు. కానీ ఆయన ఎత్తు ఆరున్నర అడుగులు. అసొంటిది వెయ్యిల ఒకనికి గూడ కాదు. మనకు ఒక సీజన్ చాలు.

జనవరి ఇన్‌టేక్‌ల పోయేటోళ్లకు ఒక చిక్కున్నది. సీజన్ చలికాలంల నడుస్తది, మీరు దిగేసరికి సగం దాటుతది. అయినా క్లబ్బుకు మెయిల్ పెట్టుండ్రి. ప్రాక్టీసులకు రానిస్తరు, సెప్టెంబర్ నాటికి మీరు రూకీ గాదు. ఇన్సూరెన్సు, ఫీజు వాపస్ సంగతి ముందే అడుగుండ్రి. తలకు దెబ్బ తగిలితే షిఫ్టుకు పోకుండ్రి, సూపర్‌వైజర్‌కు ఫోన్ జేసి జెప్పుండ్రి.