ఉండి ఉండి తడబడే ఇంజను

డాక్టరు గది ముందు కూర్చోగానే పంటినొప్పి మాయమవడం మీలో చాలామందికి అనుభవమే. యంత్రాలూ అంతే! దారిలో పదిసార్లు మొరాయించిన బండి, షెడ్డుకు తీసుకెళ్లగానే బుద్ధిగా నడుస్తుంది. మెకానిక్కుకు ఏ లోపమూ కనబడదు. ఇలా వచ్చిపోయే జబ్బును పట్టుకోవడం ఎలా? ఒక పాత పికప్ ట్రక్కును ఉదాహరణగా తీసుకుని చూద్దాం.

ముందు డ్రైవరు గది, వెనుక సామాన్లకు పైకప్పులేని తొట్టి ఉండే బండి పికప్. అమెరికా రైతులకు ఇది మన ఎడ్లబండి లాంటిది. ఫోర్డు కంపెనీ 1925లోనే తన మోడల్-టి బండిని ఈ రూపంలో అమ్మింది. మనం చూడబోయేది 1970 ప్రాంతపు ట్రక్కు. ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను. కంప్యూటరు లేదు, కార్బురేటరు ఉంది.

దీని జబ్బు ఏమిటంటే, పెద్దరోడ్డు ఎక్కబోతూ యాక్సిలరేటరు నొక్కితే ఇంజను ఒక్కొక్కసారి ఊపిరి బిగబట్టినట్లు ఆగి, తర్వాత అందుకుంటుంది. ఇది చిన్న విషయం కాదు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో ఎదురొచ్చే లారీ సెకనుకు 22 మీటర్లు ముందుకొస్తుంది. మన బండి రోడ్డుకు అడ్డంగా రెండు సెకన్లు తడబడితే, లారీ 44 మీటర్లు దగ్గరైపోతుంది!

ఇంజను సాఫీగా నడవాలంటే రెండు సరిగా అందాలి. ఒకటి, తగిన పాళ్లలో గాలి, పెట్రోలు. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. రెండోది, సరైన క్షణంలో నిప్పురవ్వ. ఇంజను నిమిషానికి 2,000 చుట్లు తిరిగేటప్పుడు ఆరు సిలిండర్లలో కలిపి సెకనుకు 100 రవ్వలు పుట్టాలి. వీటిలో కొన్ని తప్పినా బండి తడబడుతుంది.

మరి తప్పు ఎక్కడ? "ఏం పాడయింది?" అని మొదటే అడగకండి. "ఎప్పుడు తడబడుతోంది?" అని అడగండి. డ్రైవరు ఒక నోటుపుస్తకం పెట్టుకుని, తడబడిన ప్రతిసారీ ఇంజను వేడిగా ఉందా, చల్లగా ఉందా, ఎత్తు ఎక్కుతోందా, వాన పడుతోందా అన్నది రాసుకోవాలి. ఆ రాతలే మనకు ఆధారాలు.

యాక్సిలరేటరు నొక్కిన క్షణంలోనే తడబడిందనుకోండి. అప్పుడు కార్బురేటరులోకి గాలి ఒక్కసారిగా దూసుకొస్తుంది. పెట్రోలు గాలికంటే కొన్ని వందల రెట్లు బరువైనది కనుక అంత త్వరగా కదలలేదు. ఆ లోటు తీర్చడానికి ఒక చిన్న పంపు పిచికారీలా పెట్రోలు చిమ్ముతుంది. దాని తోలు ఎండిపోయినా, పొర చిరిగినా ఇంజనుకు ఆ గుక్కెడు పెట్రోలు అందదు.

చాలాసేపు నడిచాక, ముఖ్యంగా ఎత్తు ఎక్కేటప్పుడు తడబడితే? ఫిల్టరులో మురికి చేరి ఉండవచ్చు. లేదా పెట్రోలు ట్యాంకు మూతలోని సన్నని రంధ్రం పూడిపోయి ఉండవచ్చు. నూనె డబ్బాకు ఒకే రంధ్రం పొడిస్తే నూనె ఆగి ఆగి వస్తుంది. రెండోది పొడిస్తే ధారగా కారుతుంది. ఎందుకంటే, నూనె బయటికి రావాలంటే దాని చోటులోకి గాలి వెళ్లాలి. ట్యాంకుకూ ఇదే సూత్రం. తడబడిన వెంటనే మూత వదులు చేస్తే "సుయ్" మని గాలి లోపలికి దూరి, బండి మళ్లీ బాగా నడిస్తే, దొంగ దొరికినట్టే.

మండుటెండలో మాత్రమే వస్తే, గొట్టంలో పెట్రోలు ఆవిరై పంపు పనికి అడ్డుపడుతూ ఉండవచ్చు. లేదా వేడెక్కిన ఇగ్నిషన్ కాయిలులో లోపం బయటపడుతూ ఉండవచ్చు. వానలోనే వస్తే, తడిసిన తీగల మీదుగా విద్యుత్తు పక్కదారి పడుతూ ఉండవచ్చు.

అన్నింటికంటే చిత్రమైనది మరొకటి. రవ్వలను పంచే డిస్ట్రిబ్యూటరులో ఒక పలక ఉంటుంది. ఇంజను మీది భారాన్నిబట్టి అది కొద్దిగా తిరిగి, రవ్వ పుట్టే వేళను ముందుకూ వెనక్కూ జరుపుతుంది. దానికి కలిపిన తీగ ఏళ్ల తరబడి వంగి వంగి లోపల తెగుతుంది. పైతొడుగు మాత్రం చెక్కుచెదరదు! పలక కదిలినప్పుడు తెగిన కొసలు విడిపోతాయి, మళ్లీ కలుస్తాయి. పైకి చూస్తే ఏమీ తెలియదు. తెలివైన మెకానిక్కు ఇంజను నడుస్తూండగా ఒక చేతిపంపుతో గొట్టంలోని గాలి పీల్చి ఆ పలకను కదిలిస్తాడు. కదిపిన ప్రతిసారీ ఇంజను తడబడితే తీగ గుట్టు రట్టయినట్టే. జబ్బు వచ్చేదాకా కాచుకోకుండా, తానే దానిని రప్పించాడన్నమాట!

ఇక్కడ ఒక నియమం మరువకూడదు. ఒకసారికి ఒకే మార్పు చెయ్యాలి. ఒకేరోజు అయిదు భాగాలు మార్చితే, బండి బాగుపడినా ఏది దోషియో తెలియదు. పైగా వచ్చిపోయే జబ్బు కనుక, నిజంగా పోయిందో, తాత్కాలికంగా దాక్కుందో కొన్నాళ్లు నడిపితేగాని చెప్పలేం.

అమెరికాలో 1996 నుంచి కొత్త కార్లలో లోపాలను గుర్తుంచుకునే కంప్యూటరు తప్పనిసరి అయింది. అయినా అది ఏ విభాగంలో తేడా ఉందో చెబుతుందిగాని, ఏ తీగ వదులైందో చాలాసార్లు మనిషే వెతకాలి. మన దేశంలో 2020లో బి.ఎస్.-6 ప్రమాణాలు వచ్చేదాకా చాలా మోటారు సైకిళ్లకు కార్బురేటరే ఉండేది. అటువంటి బండి మీ ఇంట్లో ఉంటే పెద్దవాళ్లను అడిగి చూడండి. మీరు మాత్రం పెట్రోలుతో ప్రయోగాలు చేయకండి. దాని ఆవిరికి ఒక్క రవ్వ చాలు.

మీరు చేయదగిన పరీక్ష ఒకటుంది. సైకిలు తొక్కుతుంటే "టక్ టక్" మంటోందా? తొక్కడం ఆపి, బండిని దానంతటదే పోనివ్వండి. చప్పుడు ఆగితే లోపం పెడళ్ల వైపో గొలుసులోనో ఉంటుంది. ఆగకపోతే చక్రాల వైపు చూడండి. ఒక్క స్పానరు తిప్పకుండానే సగం సైకిలును అనుమానం నుంచి తప్పించారు కదూ!