ఎడారి ఇంట్లో అడవి క్రిస్మస్ చెట్టు

కువైట్‌లో డిసెంబరు 25 ప్రభుత్వ సెలవు కాదు. అయినా డ్యూటీ ముగిశాక మనవాళ్ల ఫ్లాట్లలో క్రిస్మస్ చెట్టు లేస్తుంది. గోదావరి పల్లెల్లో సరుగుడు కొమ్మ తెచ్చి, దానికి దూదిని మంచులా అంటించేవాళ్లం. ఇక్కడ చాలామందికి ప్లాస్టిక్ చెట్టే దిక్కు. దానికీ అడవి అందం తేవచ్చు.

మెరుపు కాగితాలు పక్కన పెట్టండి. నారింజను పలుచని చక్రాలుగా కోసి, ఓవెన్‌లో 100 డిగ్రీల వద్ద 3-4 గంటలు, మధ్యలో తిప్పుతూ ఆరబెట్టండి. బకాలాలో దొరికే దాల్చినచెక్కను పురికొసతో చిన్న కట్టలు కట్టండి. 5 ఎండు ఖర్జూరపు ఈనెలు కలిపి కడితే నక్షత్రం సిద్ధం. బియ్యం వచ్చిన గోనె సంచిని మొదట్లో చుడితే ప్లాస్టిక్ కాళ్లు కనబడవు.

ఒక్క జాగ్రత్త. ఎండు సరుకు ఇట్టే అంటుకుంటుంది. కొవ్వొత్తులు వద్దు, ఎల్‌ఈడీ దీపాలు చాలు. పడుకునే ముందు వాటినీ ఆపేయండి. నలుగురు కలిసి ఉండే గదుల్లో ఇది మరీ ముఖ్యం.

కువైటీల ఇళ్లలో పనిచేస్తూ అక్కడే ఉండే మన అక్కచెల్లెళ్లకు సొంతంగా చెట్టు పెట్టుకునే చోటుండదు. వారికి సెలవు దొరికిన రోజు పిలిచి, ఒక్క నారింజ చక్రమైనా వారి చేత కట్టించండి. చెట్టు నిండేది అప్పుడే.