పాత ఐపాడ్‌లో పాటలున్నాయా? 'ఎరేజ్ అండ్ సింక్' నొక్కే ముందు ఇది చూడండి

నాన్నగారి పాత ఐపాడ్ క్లాసిక్‌ని కొత్త ల్యాప్‌టాప్‌కి కనెక్ట్ చేశారా? ఐట్యూన్స్ 'ఎరేజ్ అండ్ సింక్' అంటే కంగారులో నొక్కేయకండి. ఐపాడ్ ఒకసారికి ఒక్క లైబ్రరీతోనే సింక్ అవుతుంది. కొత్త లైబ్రరీ ఖాళీగా ఉంటే, ఎప్పుడో సీడీల నుంచి ఎక్కించిన ఘంటసాల పాటలు కూడా మాయం!

ముందు క్యాన్సిల్ కొట్టండి. మెనూ, మధ్య బటన్ కలిపి యాపిల్ లోగో వచ్చేదాకా నొక్కండి. వెంటనే మధ్య బటన్, ప్లే బటన్ పట్టుకుంటే డిస్క్ మోడ్ వస్తుంది. గతంలో విండోస్‌లో వాడిన ఐపాడ్ అయితే, హిడెన్ ఫైల్స్ ఆన్ చేసి 'ఐపాడ్ కంట్రోల్'లోని 'మ్యూజిక్' ఫోల్డర్ కాపీ చేసుకోండి. ఫైల్ పేర్లు నాలుగక్షరాల గజిబిజిగా ఉంటాయి. భయం లేదు, ఐట్యూన్స్‌లో వేస్తే చాలావరకు అసలు పేర్లు వచ్చేస్తాయి.

ఆ తర్వాతే సింక్. 160 జీబీ నిండా పాటలుంటే ఒకేసారి వద్దు, ప్లేలిస్టుల వారీగా ఎక్కించండి. మధ్యలో ఆగినా ఎక్కడ ఆగిందో తెలుస్తుంది.