డేటా కనెక్టర్ల కొరత

డేటా కనెక్టర్ల కొరత అనగా, క్లౌడ్ ఆధారిత డేటా అనుసంధాన సాధనాలలో ఒక సంస్థకు కావలసిన డేటా మూలాన్ని చదవగల కనెక్టర్ సిద్ధంగా లేకపోవడం. ఒక వ్యాపార సంస్థ యొక్క అమ్మకాల వివరాలు ఒక సాఫ్టువేరులోను, ఖాతాలు మరొక దానిలోను, వినియోగదారుల ఫిర్యాదులు వేరొక దానిలోను ఉండడం సాధారణం. వీటిని ఒకచోట చేర్చి చూసినపుడే లాభనష్టాలు సరిగా తెలుస్తాయి. వీటిలో ఒకదానికి కనెక్టర్ లేకపోయినా ఆ భాగం లెక్కలోకి రాదు, లేదా ఎవరో ఒకరు ప్రతిరోజూ దానిని చేతితో ఎక్కించవలసి వస్తుంది. సాంకేతికంగా అసాధ్యం కావడం వలన ఈ కొరత ఏర్పడే సందర్భాలు తక్కువ. కనెక్టరును తయారుచేసి, ఏళ్ళ తరబడి నిర్వహించే ఖర్చును భరించేవారు లేకపోవడమే ఎక్కువ సందర్భాలలో కారణం.

కనెక్టర్ చేసే పని

డేటా ఉన్న చోటును మూలమని, చేరవలసిన చోటును గమ్యమని అంటారు. డేటాబేసులు, ఫైళ్ళు, ఇంటర్నెట్ ద్వారా అందే సేవలు మూలాలకు ఉదాహరణలు. విశ్లేషణ కొరకు ఏర్పరచిన డేటా వేర్‌హౌస్ సాధారణంగా గమ్యంగా ఉంటుంది. ఈ రెండింటి మధ్య డేటాను చేరవేసే ప్రోగ్రామే కనెక్టర్. ఇది చేసే ముఖ్యమైన పనులు:

1. మూలానికి తన గుర్తింపును నిరూపించుకొని లోనికి ప్రవేశించడం. ఇందుకు పాస్‌వర్డు, తాళంచెవి వంటి సంకేతపదం, లేదా 2012లో ప్రమాణంగా వెలువడిన ఓఆత్ 2.0 వంటి పద్ధతిని వాడతారు.
2. మూలంలో ఏయే పట్టికలు, ఏయే గడులు ఉన్నాయో తెలుసుకోవడం.
3. డేటాను భాగాలుగా చదవడం. ఒక నిమిషంలో ఇన్ని అభ్యర్థనలకు మించి పంపరాదని మూలం విధించిన పరిమితిని పాటించడం.
4. క్రితంసారి చదివిన తరువాత మారిన వరుసలను మాత్రమే తీసుకురావడం.
5. మూలంలోని తేదీలు, అంకెలు, అక్షరాలను గమ్యానికి తగిన రకాలలోకి మార్చడం.
6. మధ్యలో ఆటంకం కలిగితే, ఆగిన చోటి నుండి తిరిగి మొదలుపెట్టడం.

వీటిలో మొదటి రెండు పనులు చేసే ప్రోగ్రామును అనుభవమున్న ప్రోగ్రామరు కొద్ది రోజులలో వ్రాయగలడు. మిగిలిన నాలుగూ సరిగా పనిచేయాలంటే ఎక్కువ శ్రమ అవసరం.

నేపథ్యం

ఒక్కొక్క మూలం నుండి ఒక్కొక్క గమ్యానికి వేరువేరుగా ప్రోగ్రాములు వ్రాస్తే వాటి సంఖ్య వేగంగా పెరుగుతుంది. 20 మూలాలు, 5 గమ్యాలు ఉన్నచోట 100 ప్రోగ్రాములు కావాలి. మధ్యలో అందరూ అంగీకరించిన ఒక పద్ధతి ఉంటే ప్రతి మూలానికి ఒకటి, ప్రతి గమ్యానికి ఒకటి చొప్పున 25 సరిపోతాయి. డేటాబేసుల విషయంలో ఈ ఆలోచన నుండి ఓడీబీసీ పుట్టింది. దీనిని మైక్రోసాఫ్ట్ సంస్థ 1992లో విడుదల చేసింది. జావా భాషకు ఇటువంటిదే అయిన జేడీబీసీని సన్ మైక్రోసిస్టమ్స్ 1997లో జేడీకే 1.1లో భాగంగా ఇచ్చింది. ఈ ప్రమాణాలకు అనుగుణమైన డ్రైవరు ఉంటే, డేటాబేసు ఏదైనా ఒకే విధంగా చదవడం వీలవుతుంది.

వ్యాపార సాఫ్టువేరు క్లౌడ్‌కు మారిన తరువాత ఈ సౌలభ్యం తగ్గింది. క్లౌడ్ సేవలు చాలావరకు తమ డేటాబేసును బయటివారు నేరుగా తాకనివ్వవు. బదులుగా ఏపీఐ అనే ద్వారాన్ని ఇస్తాయి. ప్రతి సంస్థ తన ఏపీఐని తనకు తోచినట్లు రూపొందిస్తుంది. పేర్లు, పేజీల పద్ధతి, పరిమితులు, తప్పులను తెలిపే తీరు అన్నీ వేరువేరుగా ఉంటాయి. అందువలన ప్రతి సేవకు ఒక ప్రత్యేక కనెక్టర్ అవసరమైంది. 2012లో స్థాపించబడిన ఫైవ్‌ట్రాన్, 2015లో పూర్తిస్థాయిలో అందుబాటులోకి వచ్చిన మైక్రోసాఫ్ట్ అజూర్ డేటా ఫ్యాక్టరీ, 2017లో వచ్చిన ఏడబ్ల్యూఎస్ గ్లూ, 2020లో మొదలైన ఎయిర్‌బైట్ ఈ రంగంలో పేరున్న సాధనాలు.

కొరతకు కారణాలు

కనెక్టర్ల తయారీలో గిరాకీయే ప్రధానమైన కొలమానం. లక్షలమంది వాడే సేల్స్‌ఫోర్స్, మైఎస్‌క్యూఎల్ వంటి మూలాలకు దాదాపు ప్రతి సాధనంలోను కనెక్టర్ దొరుకుతుంది. ఒక్క దేశానికో, ఒక్క వృత్తికో పరిమితమైన సాఫ్టువేర్లు ఈ వరుసలో వెనుకబడతాయి.

నిర్వహణ భారం రెండవ కారణం. మూలం యొక్క ఏపీఐ మారినపుడల్లా కనెక్టరును కూడా మార్చాలి. స్టిచ్ సంస్థ 2017లో సింగర్ అనే బహిరంగ పద్ధతిని ప్రవేశపెట్టింది. ఇందులో మూలాన్ని చదివే ప్రోగ్రామును ట్యాప్ అని, గమ్యంలో వ్రాసే ప్రోగ్రామును టార్గెట్ అని పిలుస్తారు. ఎవరైనా ట్యాప్ వ్రాసి పంచుకొనే వీలుండడంతో అనేకం వచ్చాయి. అయితే వ్రాసినవారు వేరే పనులలోకి వెళ్ళిపోగా, వాటిలో కొన్ని నవీకరణ లేక పాతబడ్డాయి.

మూలం యజమాని ఇష్టాయిష్టాలు మూడవ కారణం. కొన్ని సాఫ్టువేర్లకు ఏపీఐయే ఉండదు. కొన్నిటికి ఉన్నా, దానికి వేరే రుసుము చెల్లించాలి. ట్విట్టర్ సంస్థ తన ఏపీఐకి ఉన్న ఉచిత ప్రవేశాన్ని ఆపివేస్తున్నట్లు 2023 ఫిబ్రవరిలో ప్రకటించింది. దానిపై ఆధారపడిన ఎన్నో ఉచిత ఉపకరణాలు మూతపడ్డాయి.

కొరతలో రకాలు

పూర్తి కొరత: మూలం పేరు సాధనం యొక్క జాబితాలోనే ఉండదు. ఇది మొదటిరోజే తెలుస్తుంది కనుక దీనివలన కలిగే నష్టం పరిమితం.

పాక్షిక కొరత: జాబితాలో పేరు ఉంటుంది, కాని కావలసిన పట్టిక రాదు. వాడుకదారులు సొంతంగా చేర్చుకొన్న గడులు రాకపోవచ్చు. మూలంలో తొలగించిన వరుసలు గమ్యంలో అలాగే మిగిలిపోవచ్చు. రద్దయిన ఆర్డర్లు కూడా అమ్మకాల మొత్తంలో కలిసిపోతే నివేదిక తప్పుగా వస్తుంది. ఎటువంటి హెచ్చరికా కనిపించదు కనుక మూడు రకాలలో ఇదే ఎక్కువ ప్రమాదకరం.

కాలం తీరిన కనెక్టర్: మూలం నిలిచిపోవడంతో కనెక్టర్ కూడా నిరుపయోగమవుతుంది. గూగుల్ సంస్థ యొక్క యూనివర్సల్ అనలిటిక్స్ సాధారణ ఖాతాలకు 2023 జులై 1 నుండి కొత్త డేటాను స్వీకరించడం మానివేసింది. 2024 జులైలో పాత డేటాకు కూడా ప్రవేశం నిలిపివేయబడింది. ఆలోగా తమ వెబ్‌సైట్ల సందర్శనల చరిత్రను బయటకు తీసి భద్రపరచుకోనివారు దానిని తిరిగి పొందలేకపోయారు.

ఒక ఉదాహరణ: ట్యాలీ

బెంగళూరు కేంద్రంగా పనిచేసే ట్యాలీ సంస్థ 1986లో మొదలైంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలతో సహా భారతదేశమంతటా చిన్న, మధ్యతరహా వ్యాపారాలు తమ ఖాతాలను ఈ సంస్థ సాఫ్టువేరులో వ్రాసుకొంటాయి. అజూర్ డేటా ఫ్యాక్టరీలో 90కి పైగా కనెక్టర్లు ఉన్నాయి. వాటిలో ట్యాలీ పేరుతో ప్రత్యేక కనెక్టర్ లేదు. అయినప్పటికీ రెండింటినీ కలపడానికి మార్గమున్నది. ట్యాలీ తన డేటాను ఓడీబీసీ ద్వారాను, ఎక్స్‌ఎంఎల్ రూపంలోను బయటకు ఇవ్వగలదు. ఇందుకు సాధారణంగా 9000 సంఖ్య గల పోర్టును వాడుతుంది. మరొకవైపు డేటా ఫ్యాక్టరీలో ఏ ఓడీబీసీ మూలాన్నైనా చదవగల సాధారణ కనెక్టర్ ఉన్నది.

ట్యాలీ సాధారణంగా కార్యాలయంలోని కంప్యూటరులో ఉంటుంది. బయట క్లౌడ్‌లో ఉన్న సాధనం ఆ కంప్యూటరును నేరుగా చేరలేదు. అందుకని సెల్ఫ్ హోస్టెడ్ ఇంటిగ్రేషన్ రన్‌టైమ్ అనే ప్రోగ్రామును కార్యాలయంలోని విండోస్ కంప్యూటరులో స్థాపించాలి. ఈ ప్రోగ్రామే లోపలి నుండి క్లౌడ్‌తో సంబంధం పెట్టుకొంటుంది కనుక, బయటివారి కొరకు కార్యాలయం నెట్‌వర్కులో ద్వారం తెరవనవసరం లేదు. ఓడీబీసీ డ్రైవరును కూడా అదే కంప్యూటరులో ఉంచాలి. డ్రైవరు, దానిని వాడే ప్రోగ్రాము రెండూ 64 బిట్లవి కాకపోతే పని జరగదు. డేటా తీసుకొనే సమయానికి ట్యాలీ నడుస్తూ, ఆ కంపెనీ ఖాతా తెరచి ఉండాలి. రాత్రి కంప్యూటరు ఆపివేసి వెళ్ళే కార్యాలయంలో, అర్ధరాత్రికి నిర్ణయించిన చేరవేత ప్రతిసారీ విఫలమవుతుంది. కనుక ఇటువంటి చోట్ల పని గంటలలోనే చేరవేతను ఏర్పాటు చేయడం మేలు.

ప్రత్యామ్నాయ మార్గాలు

సిద్ధమైన కనెక్టర్ లేనపుడు ఈ క్రింది మార్గాలు అందుబాటులో ఉంటాయి.

* సాధారణ కనెక్టర్లు: ఓడీబీసీ, జేడీబీసీ, ఓడేటా, రెస్ట్ వంటి ప్రమాణాలను అనుసరించేవి. ముందుగా పరిశీలించవలసినవి ఇవే.
* ఫైళ్ళ ద్వారా చేరవేత: మూలం నుండి సీఎస్‌వీ ఫైలును తీసి, నిర్ణీత చోట ఉంచితే సాధనం దానిని చదువుతుంది. ఇది సులభమైన మార్గం. అయితే ఫైలు పెట్టడం ఒకరోజు మరచిపోయినా, గడుల వరుస మారినా లెక్క తప్పుతుంది.
* సొంత కనెక్టర్: ఎయిర్‌బైట్‌లో కనెక్టర్ బిల్డర్ అనే సదుపాయం ఉన్నది. పవర్ బీఐ కొరకు పవర్ క్వెరీ ద్వారా సొంత కనెక్టర్ వ్రాయవచ్చు. వ్రాసిన వ్యక్తి ఉద్యోగం మారినా పని ఆగకుండా, వివరాలను లిఖితపూర్వకంగా ఉంచడం అవసరం.
* మూడవ సంస్థ కనెక్టర్: రుసుము చెల్లించి తీసుకోవచ్చు. డేటా ఆ సంస్థ సర్వర్ల మీదుగా వెళుతుందేమో ముందుగా తెలుసుకోవాలి.
* విన్నపం: సాధనం తయారీదారును కనెక్టర్ కొరకు కోరవచ్చు. ఎంతమంది కోరారన్నదానిపై ఫలితం ఆధారపడుతుంది.

తెలుగు డేటా విషయంలో జాగ్రత్తలు

పైన చెప్పిన మార్గాలలో తెలుగు పేర్లు, చిరునామాలు చేరవేసేటపుడు అదనపు జాగ్రత్త అవసరం. యూటీఎఫ్-8 పద్ధతిలో యూనికోడ్ తెలుగు గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లను తీసుకొంటుంది. గుణింతపు గుర్తులు, పొల్లు కూడా విడివిడిగా లెక్కలోకి వస్తాయి. ఉదాహరణకు "శ్రీ" అన్న ఒక్క అక్షరంలో 4 గుర్తులు ఉన్నాయి, అనగా 12 బైట్లు. గడి పొడవును 100 బైట్లుగా నిర్ణయిస్తే 33 గుర్తులకు మించి పట్టవు. సాధనాన్ని బట్టి మిగిలినది తెగిపోవడమో, ఆ వరుస తిరస్కరించబడడమో జరుగుతుంది. యూనికోడును అంగీకరించని గడిలోకి పంపితే అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలు మిగులుతాయి. యూనికోడుకు ముందు కాలపు ఫాంట్లతో కూర్చిన పాత ఫైళ్ళను ఏ సాధారణ కనెక్టరూ తెలుగుగా గుర్తించలేదు. వాటిని ముందుగా యూనికోడులోకి మార్చవలసి ఉంటుంది.

సాధనం ఎంపికలో గమనించవలసినవి

కనెక్టర్ల మొత్తం సంఖ్యను బట్టి సాధనాన్ని ఎంచుకొనడం సరికాదు. తమకు కావలసిన పది మూలాలలో తొమ్మిదింటికే కనెక్టర్లు ఉంటే, 500 కనెక్టర్ల జాబితా ఆ పదవదాని లోటును తీర్చదు. సంస్థ ముందుగా తన మూలాల పట్టికను వ్రాసుకోవాలి. తరువాత ఒక్కొక్క కనెక్టరును ఎవరు నిర్వహిస్తున్నారు, చివరిసారి ఎప్పుడు నవీకరించారు, తొలగింపులను గుర్తిస్తుందా, సొంత గడులను తెస్తుందా అని పరిశీలించాలి. నమూనాగా ఒక నెల డేటాను తెచ్చి, మూలంలోని మొత్తంతో గమ్యంలోని మొత్తాన్ని సరిపోల్చాలి. వరుసల సంఖ్య, రూపాయల మొత్తం రెండూ కలిసిన తరువాతనే ఆ నివేదికపై ఆధారపడి నిర్ణయాలు తీసుకొనడం మంచిది. ఈ సరిపోల్చే పనిని తరువాత కూడా ప్రతినెలా కొనసాగిస్తే, పాక్షిక కొరత వలన వచ్చే తప్పులు ఆ నెలలోనే బయటపడతాయి.

ఇవి కూడా చూడండి

* డేటాబేసు
* డేటా వేర్‌హౌస్
* క్లౌడ్ కంప్యూటింగ్
* ఏపీఐ
* యూనికోడ్