పంజరంలో జామకొమ్మ

జంతుశాస్త్ర విభాగం వరండాలో ఉన్న పంజరం మన కళాశాలలో చదివిన వారందరికీ పరిచితమే. ప్రాక్టికల్సుకి పోతూ ఒక్కసారైనా దాని ముందు ఆగి ఈల వెయ్యని విద్యార్థి ఉండడు. అందులోని పక్షుల్ని అందరూ ‘లవ్ బర్డ్స్’ అంటారు. నిజానికి అవి లవ్ బర్డ్స్ కావు. అసలు లవ్ బర్డ్స్ ఆఫ్రికా ఖండానివి. మన వరండాలోవి బడ్జరిగార్లు, అనగా ఆస్ట్రేలియా దేశపు చిన్న చిలుకలు. 1840లో జాన్ గూల్డ్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు వీటిని ప్రాణాలతో ఇంగ్లండుకి తెచ్చాడు. అక్కణ్ణించి ఇవి ప్రపంచమంతటా పంజరాల్లోకి పాకాయి. మన రామచిలుకను పంజరంలో పెట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చిలకజోస్యం చెప్పేవారికి ఈ సంగతి ఎవరు చెప్పాలో గాని, ఇంట్లో చిలుకను పెంచాలనుకునే వాళ్ళు ఈ ఆస్ట్రేలియా పక్షులతోనే సరిపెట్టుకోవాలి.

పక్షిని అసలు పంజరంలో పెట్టవచ్చునా అన్నది వేరే చర్చ. దాన్ని డిబేటింగ్ సొసైటీ వారికి వదిలేస్తున్నాను. పెట్టాక మనం దానికి ఏం బాకీ ఉన్నామన్నదే ఇక్కడి విషయం.

ఒకరోజు ఉదయం మా అటెండరు స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి, “సార్, ఆ నీలం పిట్ట కర్ర మీద వాలటం లేదండీ. నాల్రోజుల్నించీ ఊచలు పట్టుకునే వేళ్ళాడుతోంది” అన్నాడు. వెళ్ళి చూశాను. నిజమే. కర్ర మీద పెడితే క్షణం నిలిచి, ఒక కాలు ఎత్తి, అది దించి రెండోది ఎత్తి, చివరికి మళ్ళీ ఊచలకే వెళ్ళిపోతోంది. పట్టుకుని పాదం తిప్పి చూస్తే అరికాలు ఎర్రగా, గాజుపూసలాగా నున్నగా మెరుస్తోంది. ఇంకో ఆకుపచ్చ పిట్టకైతే అప్పటికే నల్లటి పెచ్చు కట్టి, కీలు దగ్గర వాచింది. పశువైద్యుడి దగ్గరకు రెండింటినీ తీసుకువెళ్ళాం. నీలంది బతికింది. ఆకుపచ్చదానికి చీము ఎముక దాకా పోయింది, దక్కలేదు. పాతికేళ్ళుగా పక్షి పాదాల రకాలు నల్లబల్ల మీద బొమ్మలు వేసి చెబుతున్న నాకు, రోజూ దాటిపోయే పంజరంలో ఈ సంగతి కనబడలేదు. పొద్దున్నే నీళ్ళు మార్చే మనిషికి కనబడింది.

దీనికి కారణం ఏమిటి? ఒక్కటి కాదు గాని, అందులో పెద్దది పంజరంతో పాటు వచ్చిన ప్లాస్టిక్ కర్రలు. భౌతికశాస్త్ర విభాగం నుంచి వెర్నియర్ కాలిపర్సు అరువు తెచ్చి కొలిచాను. మూడు కర్రలూ మొదటి నుంచి చివరి దాకా సరిగ్గా 9 మి.మీ. వెంట్రుకవాసి తేడా లేదు. యంత్రం మీద తయారైన వస్తువుకి అది గొప్పే. పక్షి పాదానికి మాత్రం అదే శాపం.

మనం నిలబడి అలిసిపోతే కూర్చుంటాం, రాత్రికి పడుకుంటాం. చిలుకకు ఆ సదుపాయం లేదు. అది నిద్రపోయేది కూడా నిలబడే. రోజుకి ఇరవైనాలుగు గంటలూ దాని ముప్పై, నలభై గ్రాముల బరువు ఆ రెండు అరికాళ్ళే మోయాలి. అడవిలో అయితే ఎగరడంలో కొంతసేపు పోతుంది, నేల మీద గింజలు ఏరుకోవడంలో కొంత పోతుంది. వాలిన ప్రతి కొమ్మా వేరే లావు, వేరే వంపు కాబట్టి బరువు ఒకసారి మడమ మెత్త మీద పడితే, ఇంకోసారి వేళ్ళ కణుపుల మీద పడుతుంది. పంజరంలో ఒకే లావు కర్ర మీద నెలల తరబడి నిలబడితే బరువంతా అవే రెండు మూడు చోట్ల పడుతుంది. అరికాలి చర్మం మీద ఉండే సన్నని బొడిపెలు మొదట అరిగి నునుపు తేలతాయి. తర్వాత ఎరుపెక్కుతుంది, చర్మం పగులుతుంది, ఆ పగులు గుండా స్టెఫిలోకాకస్ వంటి సూక్ష్మజీవులు దూరుతాయి. ఇంగ్లీషులో దీన్నే బంబుల్ ఫుట్ అంటారు. కోళ్ళఫారాలు ఉన్న ఊళ్ళ విద్యార్థులకు ఈ జబ్బు కొత్తేమీ కాదు.

రెండో కారణం తిండి. ఎప్పుడూ కొర్రలే పోస్తూ ఉంటే విటమిన్ ‘ఏ’ చాలదు, చర్మం బలహీనమవుతుంది. మునగాకు, కొత్తిమీర, క్యారెట్ తురుము పెడుతూ ఉండాలి. కర్ర మార్చి తిండి మార్చకపోతే సగం పనే అయినట్లు.

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. పక్షి కొమ్మ మీద వాలి కాళ్ళు ముడవగానే వెనక స్నాయువు బిగిసి, వేళ్ళు వాటంతట అవే కొమ్మను తాళం వేసినట్లు పట్టుకుంటాయనీ, అందుకే నిద్రలో కింద పడదనీ పాఠ్యపుస్తకాలు చెబుతాయి. నేనూ అదే చెబుతూ వచ్చాను. మన గోరింక కుటుంబానికే చెందిన యూరపు స్టార్లింగుల మీద 2012లో వెలువడిన ఒక పరిశీలనలో మాత్రం, నిద్రలో వేళ్ళు అలా దానంతటదే బిగియడం కనబడలేదు. పక్షి అరికాలి నడిమెత్త మీద బరువు ఆన్చి, సమతూకంతోనే నిలుస్తోందని తేల్చారు. అన్ని పక్షులకూ ఇదే వర్తిస్తుందని అప్పుడే అనలేం. కాని పట్టుకోవడానికి ఏదో ఒక పుల్ల ఉంటే చాలునన్న ధీమాకి మాత్రం ఇది గొడ్డలిపెట్టు. అరికాలు ఆనడానికి తగిన చోటు కావాలి.

మరి ఎంత లావు? చిలుక జాతికి రెండు వేళ్ళు ముందుకీ రెండు వెనక్కీ ఉంటాయి. పిచ్చుక జాతికి ముందు మూడు, వెనక ఒకటి. ఏ జాతికైనా సూత్రం ఒకటే. వేళ్ళు కొమ్మ చుట్టూ మూడింట రెండు వంతులో, ముప్పాతికో చుట్టుకోవాలి. ముందు గోళ్ళూ వెనక గోళ్ళూ కింద కలుసుకున్నాయంటే కొమ్మ సన్నం. బడ్జరిగారుకి ముఖ్యమైన కొమ్మ 12 నుంచి 15 మి.మీ. ఉంటే బాగుంటుంది, అనగా సుమారు మన చిటికెన వేలంత. కాని ఆ కొలత పట్టుకుని అన్నీ అంతే పెడితే మళ్ళీ మొదటికే వస్తాం! ఒకటి 10, ఇంకొకటి 20 పైన ఉండాలి. ఒక్క కొమ్మలోనే ఈ తేడా దొరికితే మరీ మంచిది. నేను కోయించిన జామకొమ్మ ఒక చివర 22, ఇంకో చివర 13 మి.మీ. తూగింది. మధ్యలో రెండు కణుపులు, ఒక వంకర. వడ్రంగి చూస్తే నవ్విపోతాడు గాని పక్షికి కావలసింది సరిగ్గా ఆ వంకరే.

జామనే ఎందుకు ఎంచుకున్నానంటే గట్టిది, విషం లేనిది, హాస్టలు వెనక ఉన్నది. వేప కూడా మంచిదే. జామాయిల్ మరీ శ్రేష్ఠం. బడ్జరిగార్లు పుట్టిన దేశంలో అవి గూళ్ళు పెట్టేది ఆ జాతి చెట్ల తొర్రల్లోనే. ఇద్దరు ఆస్ట్రేలియా వాళ్ళు మన జిల్లాలో కలుసుకున్నట్లు ఉంటుంది. మామిడి పచ్చికొమ్మ వద్దు, సొన మంచిది కాదు. సుబాబుల్‌లో మైమోసిన్ అనే విషపదార్థం ఉంది కాబట్టి అదీ వద్దు.

అన్నిటికన్నా ముఖ్యంగా గన్నేరు. కొమ్మ తెమ్మని చెబితే రెండో సంవత్సరం కుర్రాడొకడు ఉత్సాహంగా, నిటారుగా నున్నగా ఉన్న నాలుగు కొమ్మలు కోసి తెచ్చాడు. “కొలిచినట్టున్నాయి సార్” అన్నాడు కూడా. చూద్దును గదా, లైబ్రరీ ముందు కంచె గన్నేరు! ఆకు, బెరడు, పువ్వు, కర్ర అన్నిటిలోనూ గుండెను ఆపగల విషం ఉన్న మొక్క అది. చిలుక కొమ్మ మీద ఊరికే కూర్చోదు, బెరడు ఒలిచి నములుతుంది. తెల్లారేసరికి పంజరం ఖాళీ అయ్యేది. పచ్చగన్నేరు, జిల్లేడు, ఉమ్మెత్త, ఆముదం కూడా ఇదే కోవలోవి. పేరు తెలియని చెట్టు కొమ్మను పంజరంలో పెట్టకూడదు. వృక్షశాస్త్ర విభాగం పక్క వరండాలోనే ఉంది, అడిగితే ఎవరూ కాదనరు.

చెట్టు మంచిదైనా పురుగుమందు కొట్టినది పనికిరాదు, రోడ్డు పక్క పొగ పట్టినదీ పనికిరాదు. కోసిన కొమ్మకు ఆకులు దూసి, ముళ్ళలా పొడుచుకొచ్చే చిన్న పుల్లలు నరికి, గట్టి బ్రష్షుతో నీళ్ళలో తోమాలి. మీద మరిగే నీళ్ళు పోస్తే చీమలూ సాలీడు గుడ్లూ పోతాయి. బెరడు తియ్యనక్కర్లేదు, పక్షికి అదే ఆట, అదే పని. వార్నిషు, రంగు ససేమిరా వద్దు. తర్వాత బాగా ఎండబెట్టాలి. మన వేసవిలో దీనికి వేరే యంత్రం అక్కర్లేదు.

ఈ ఎండబెట్టే దగ్గరే నేను తొందరపడ్డాను. పచ్చికొమ్మకే రెండు చివరలా రంపంతో నిలువు గాడి కోసి, నిలువు ఊచలకు తొడిగి, అడ్డ ఊచ మీద ఆన్చాను. ఆ పూట భేషుగ్గా నిలిచింది. రెండు వారాలకు కర్ర ఎండి కుదించుకుపోయింది, గాడి వదులైంది. ఒక అర్ధరాత్రి కొమ్మ ఊడి పడిందట. చీకట్లో పిట్టలు బెదిరి ఊచలకు కొట్టుకున్నాయని వాచ్‌మన్ చెప్పాడు. రెండింటికి తోక ఈకలు ఊడాయి. కాబట్టి రెండు మూడు వారాలు ఎండిన కర్రకే గాడి కొయ్యాలి.

ఇంతకన్నా గట్టి పద్ధతి మరమేకుది. కొమ్మ లావు చివర మధ్యలో సన్నని రంధ్రం వెయ్యాలి. పంజరం లోపల ఒక వెడల్పాటి వాషరు, బయట ఇంకొకటి పెట్టి, ఊచల సందులోంచి మరమేకును కొమ్మలోకి బిగించాలి. రెండు వాషర్ల మధ్య ఊచలు చిక్కుకుని కొమ్మ కదలదు. మరీ బరువైన కొమ్మ కాకపోతే ఒక చివర బిగిస్తే చాలు, రెండో చివర గాలిలో ఉండి కొద్దిగా ఊగుతుంది, పక్షులకు అది ఇష్టం. మేకు, వాషర్లు స్టెయిన్‌లెస్ స్టీలువి కొనండి. జింకు పూత తీగతో కట్టే అలవాటు కొందరికి ఉంది. చిలుక దాన్ని కొరికితే జింకు విషమవుతుంది. నైలాను దారమైతే వేళ్ళకు చుట్టుకుని రక్తం ఆగిపోతుంది.

ఎక్కడ పెట్టాలన్నది ఆలోచిస్తే ఎవరికైనా తడుతుంది. అన్నిటికన్నా పై కొమ్మ మీదే పక్షి రాత్రి నిద్రపోతుంది కాబట్టి, పాదం హాయిగా ఆనే లావుపాటి కొమ్మ అక్కడ పెట్టాలి. గింజల గిన్నె, నీళ్ళ గిన్నె మీద కొమ్మ ఉండకూడదు, ఒకదాని కింద ఒకటీ ఉండకూడదు. రెట్ట ఎక్కడ పడుతుందో చెప్పనక్కర్లేదు. తోక ఊచలకు రాసుకోకుండా జానెడు లేకపోయినా బెత్తెడు ఎడం ఉంచాలి. అన్నిటికీ మించి పంజరాన్ని చిట్టడవి చెయ్యకూడదు, రెక్క విప్పే ఖాళీ మిగలాలి. మూడు కొమ్మలు చాలు.

గోళ్ళు అరుగుతాయని కర్రకు తొడిగే గరుకు కాగితం గొట్టాలు అమ్ముతారు. గోరు మొన అసలు కాగితానికి తగలదు, అరిగేది అరికాలే. అవి కొనకండి.

కొత్త కొమ్మ పెట్టగానే పక్షులు సంబరపడతాయనుకుంటే పొరపాటు. మావి మూడు రోజులు దాని వంక అనుమానంగా చూస్తూ ఎదురు మూలకు నక్కాయి. అందుకని పాత కర్రల్ని వెంటనే తీసెయ్యకుండా వారం రోజులు ఉంచాం. నాలుగో రోజు ఒకటి వచ్చి బెరడు రుచి చూసింది. పదో రోజుకు సగం బెరడు పంజరం అడుగున ఉంది.

నీలం పిట్టకు మానడానికి దాదాపు రెండు నెలలు పట్టింది. ఇప్పుడు అది పై కొమ్మ లావు చివర, కణుపు పక్కన నిద్రపోతుంది. ఎడమ అరికాలి మీద మచ్చ మిగిలింది. అటెండరు నెలకోసారి ఒక్కొక్కదాన్నీ పట్టుకుని పాదాలు తిప్పి చూస్తున్నాడు, నేను పక్కన నిలబడి రాసుకుంటున్నాను. కొమ్మ బెరడంతా ఒలిచేశాయి కాబట్టి మార్చే వేళయింది. హాస్టలు వెనక జామచెట్టుకి ఈసారి కాయలున్నాయి, కొమ్మ కొయ్యడానికి ఎవరిని పంపించాలా అని ఆలోచిస్తున్నాను.